గోరు తెల్లబడేదాకా

శివకుమారికి పదేళ్ళుగా ఒళ్ళంతా నొప్పులు. ఎమ్మిగనూరులో ఎవరు ఏ మాత్ర చెబితే అది మింగింది, ఎవరు ఏ ఆకు చెబితే అది నూరి పూసుకుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, రక్తంలోనూ ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి యాడిదని అడిగితే, "ఊరికే ఆలోచిస్తావమ్మా నువ్వు" అని పంపేసేవారు. చివరికి ఈ ఎండాకాలంలో కర్నూలులో ఒక డాక్టరమ్మ, మెడ దగ్గరా భుజాల మీదా నడుము పక్కనా బొటనవేలితో నొక్కి నొక్కి చూసి, దానికొక పేరు చెప్పింది. ఫైబ్రోమయాల్జియా.

బస్సులో వస్తూ ఆ పేరును లోలోపల చదువుకుంటూనే వచ్చింది శివకుమారి. ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి అంత పొడుగు పేరున్న జబ్బు రావడం ఒక రకంగా గొప్పగానే ఉంది. కోడుమూరు దాటేసరికి పేరు నోటికి వచ్చేసింది. గోనెగండ్ల వచ్చేసరికి భయం పట్టుకుంది.

ఎందుకంటే డాక్టరమ్మ మధ్యలో ఒక మాట అడిగింది. "మీ అమ్మకు కూడా ఇట్లాంటి నొప్పులు ఉండేవా?"

ఉండేవి. అమ్మ బతికినన్నాళ్ళూ మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని, పొద్దుగూకితే చాలు, "అబ్బా" అంటూనే రొట్టెలు తట్టేది. శివకుమారి అదే చెప్పింది.

"కొన్ని కుటుంబాల్లో కనిపిస్తుంటుంది లెండి" అని డాక్టరమ్మ మందులు రాయడంలో పడిపోయింది. ఆమెకు అది రోజూ అనే మాటే. శివకుమారికి మాత్రం ఆ మాట గోనెగండ్ల బస్టాండులో, శనక్కాయలమ్మే అతను కిటికీలోంచి పొట్లం చూపిస్తున్నప్పుడు, ఒక్కసారిగా అర్థమైంది. అమ్మ నుంచి తనకు వచ్చింది. మరి తన నుంచి?

ఇంట్లో జ్యోతి ఉంది.

జ్యోతి అంటే అరుణజ్యోతి, ఒక్కతే కూతురు. పుట్టగానే ఏడవలేదని శివకుమారి భయపడింది. ఆ తర్వాత ఏడుపు ఆపడం లేదని భయపడింది. నడక ఆలస్యమైతే కాళ్ళు రావేమోనని, నడిచాక మగ్గం గుంటలో పడుతుందేమోనని భయపడింది. డిగ్రీలో అంత మంచి మార్కులొస్తే వేరేవాళ్ళ పేపరు కలిసిపోయిందేమో, ఎప్పుడో వచ్చి తీసేసుకుంటారేమోనని నెల రోజులు ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇప్పుడు జ్యోతి బజారులో ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం కంప్యూటర్ క్లాసుకు పోయి, దీపాలు పెట్టాక వస్తుంది. కంప్యూటర్ చూస్తే కళ్ళు పోతాయేమోనన్న భయం ఒకటి అప్పటికే నడుస్తోంది.

కర్నూలు నుంచి వచ్చిన వారానికే అది జరిగింది. పొద్దున శివకుమారి పెరట్లో పొయ్యి మీద రంగుల గంగాళం పెట్టి, నూలు చిలపలను ముదురు మెరూన్ రంగులో ముంచి తిప్పుతోంది. వాళ్ళింట్లో నేత మొగుడు చంద్రమోహన్‌ది, రంగులు ఆమెవి. లోపల చాప మీద నుంచి జ్యోతి లేస్తూ గోడ పట్టుకుంది.

"అమ్మా..."

చిలప చేతిలోంచి జారి గంగాళంలో పడిపోయింది. "ఏమైంది మే?"

"ఏం లేదు మా. కాళ్ళు పట్టుకున్యాయి."

"కాళ్ళేనా?"

"భుజాలు గూడ."

"వీపు?"

"వీపు గూడ కొంచెం."

"మెడ?"

"నువ్వు అడుగుతాంటే మెడ గూడ నొస్తాండాది. ఇంగ ఏమీ అడగద్దు మా, పనికి పోవాల."

కుంటుకుంటూ పోయింది పిల్ల. శివకుమారి రంగు చేతులతోనే గుండె పట్టుకుంది. జాకెట్టు మీద ఐదు వేళ్ళూ పడ్డాయి.

ఆ రోజు దీపాలు పెట్టాక, తలకు నూనె పెడతానని కూతురిని ముందర కూర్చోబెట్టుకుంది. నూనె నెపం మాత్రమే. డాక్టరమ్మ ఎలా చూసిందో ఆమెకు బాగా గుర్తుంది. "గోరు తెల్లబడేదాకా నొక్కుతానమ్మా, అంతకన్నా గట్టిగా కాదు. ఆ మాత్రానికే నొప్పి పుడితే చెప్పండి" అంది. శివకుమారి కూడా బొటనవేలు జ్యోతి భుజం మీద ఆనించి, గోరు మీదే చూపు నిలిపి నొక్కింది. గోరు తెల్లబడలేదు. ఇంకొంచెం నొక్కింది. తెల్లబడలేదు. పళ్ళు బిగించి, మోకాలు ఆనించి నొక్కింది.

"చచ్చినాన్రో!"

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. గుంటలోంచి చంద్రమోహన్ తల పైకి వచ్చింది. "ఎవురు? ఎవురు పడినారు?"

"అమ్మ నా భుజం ఇరగ్గొట్టింది నాయనా!"

శివకుమారి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "చూస్తివా అయ్యా? ఇంకా గోరు తెల్లబడనే లేదు, అప్పుడే ఇంత కేక! నాకన్నా ముదిరిపోయిండాది దీనికి."

"ఏం ముదిరిండాది?"

"నా జబ్బు. అమ్మ నుంచి నాకు, నా నుంచి దీనికి. పాత పడుగు కొనలకే కొత్త పడుగు అతుకుతావు గదా నువ్వు, అట్ల పోగుకు పోగు అతుక్కోని వచ్చిండాది."

చంద్రమోహన్ గుంట అంచున మోచేతులు ఆనించాడు. నవ్వకుండా మాట్లాడటం అతనికి చేతకాదు. "మీ అమ్మ నుంచి నీకు భయం వచ్చిందని నాకు పెండ్లిరోజే తెలుసు. నొప్పి సంగతి తెలీదు. అయినా ఒక్క భుజం నొక్కితే ఎట్ల తెలుస్తాది? మావైపు వాళ్ళనూ నొక్కి చూడు."

అతను వేళాకోళానికి అన్నాడు. శివకుమారికి అది న్యాయంగా తోచింది. వాకిట్లో కూర్చుని కండెలు చుడుతున్న అత్త సుంకమ్మ దగ్గరకు పోయి, వెనక నుంచి మెడ కింద బొటనవేలు పెట్టింది. గోరు చూస్తూ నొక్కింది. మళ్ళీ అంతే, గోరుకు ఏ మార్పూ లేదు. అత్తకు మాత్రం వచ్చింది. కండె ఒక పక్క, రాట్నం ఒక పక్క ఎగిరిపడ్డాయి.

"నీ చేతులు పడిపోనూ! ఏ జన్మ పగే నీకు నా మీద?"

"అత్తా! నీకు గూడ ఉండాది!" శివకుమారి గోడకు చేరగిలబడిపోయింది. "రెండు దిక్కుల నుంచీ వచ్చిండాది పిల్లకు. ఇంగ యాడికి తప్పించుకుంటాది?"

సుంకమ్మ మెడ రుద్దుకోవడం ఆపింది. కోడలికి కర్నూలులో పెద్ద పేరున్న జబ్బు తేలినప్పటి నుంచీ ఆమెకు కొంచెం కడుపుమంటగానే ఉంది. డెబ్బై ఏళ్ళు నొప్పులు పడితే తనకు ఎవరూ ఒక్క పేరూ పెట్టలేదు. "నాకూ ఉండాదా? నిజంగానా? ఆ పేరు ఇంగోసారి చెప్పు."

"ఫైబ్రోమయాల్జియా."

"పైబురో... ఉండు, మెల్లగా చెప్పు, మరిచిపోతా."

అరగంటలో వీధి వీధంతా తెలిసిపోయింది. సుంకమ్మ ఇంటింటికీ పోయి, సగం పేరే అయినా నిండు గర్వంతో చెప్పి వచ్చింది. తమకూ ఉందేమో చూడమని ఆడవాళ్ళు వరసగా వచ్చి వాకిట్లో కూర్చున్నారు. శివకుమారి ఒక్కొక్కరినీ దిగులుగా నొక్కింది. ఒక్కొక్కరూ కేక పెట్టారు. వీధి కుక్కలు రెండు దూరంగా పోయి పడుకున్నాయి.

పక్కింటి ఖాజాబీ అరిచిన అరుపుకైతే ఆమె మొగుడు బిర్యానీ గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. "యా అల్లా! శివమ్మా, వేలా అది, సుత్తా?"

ఇక్కడ శివకుమారికి లెక్క తప్పింది. అత్త అంటే మొగుడి వైపు రక్తం. ఎదురింటివాళ్ళు దూరపు చుట్టాలు. ఖాజాబీ ఏమవుతుంది?

"ఏమయ్యా, ఖాజాబీకి ఎట్ల వచ్చింటాది?"

"ఏముంది," అన్నాడు చంద్రమోహన్, మగ్గం మీద నుంచి చూపు తిప్పకుండా. "మా తాతల కాలం నుంచి రెండిండ్లకూ నడిమి గోడ ఒకటే గదా. నొప్పి గోడ దూకింటాది."

అందరూ నవ్వారు. జ్యోతి కూడా, భుజం పట్టుకునే నవ్వింది. శివకుమారి నవ్వలేదు. అందరూ వెళ్ళాక మగ్గం గుంట అంచున కూర్చుని మెల్లగా అంది. "నా నొప్పి నాకు అలవాటైపోయింది. దాన్ని ఎట్లో మోస్తాండా. పిల్ల గోడ పట్టుకోని లేస్తాంటే మాత్రం, నేనే దాన్ని కొట్టి పండబెట్టినట్టు ఉండాది."

చంద్రమోహన్ ఈసారి వేళాకోళం చేయలేదు. పోగు నేసే నాడెను చేతిలోనే పట్టుకుని, "రేపు కర్నూలు పోయి రాండి" అన్నాడు.

జ్యోతి మొదట రానంది. సాయంత్రం క్లాసు తప్పిపోతుందంది. నొప్పి రెండు రోజులు పడుకుంటే పోతుందంది. పోయిన ఆదివారం పడుకుంటే పోయింది కూడా అంది. తల్లి కళ్ళు చూసి చెప్పులు వేసుకుంది. "సాయంత్రం లోపల వచ్చేయాల మా, ముందే చెప్తాండా." తన జబ్బుకు కూడా కర్నూలు ముద్ర పడాలని సుంకమ్మ కొత్త చీర కట్టుకుని ముందే బస్టాండుకు చేరింది. గోడ దూకే కొత్త జబ్బుకు సాక్ష్యం కావాలేమోనని ఖాజాబీ బయల్దేరింది.

డాక్టరమ్మ గదిలోకి నలుగురూ ఒకేసారి దూరారు.

"పేషెంటు ఎవరు?"

"నలుగురమూ" అంది సుంకమ్మ, అందరికన్నా ముందు కుర్చీలో కూర్చుంటూ.

శివకుమారి అంతా చెప్పింది. డాక్టరమ్మ జ్యోతిని దగ్గరకు పిలిచి, మెడ దగ్గర, భుజాల మీద, మోకాళ్ళ లోపలి పక్కన నొక్కింది. జ్యోతి అటూ ఇటూ చూస్తూ నిలబడింది.

"నొప్పి ఉందా?"

"తొడలు కొంచెం పట్టుకుని ఉన్నాయి. మిగతా యాడా లేదు డాక్టరమ్మా."

ఖాజాబీని నొక్కింది. "కితకితలు" అంది ఖాజాబీ. సుంకమ్మ వైపు చెయ్యి చాచిందో లేదో, వేలు తగలకముందే సుంకమ్మ, "ఉండాది! శానా ఉండాది!" అని అరిచింది.

శివకుమారి ఆందోళనగా ముందుకు వంగింది. "తప్పుగా అనుకోవద్దు డాక్టరమ్మా. మీరు సరిగ్గా నొక్కడం లేదు. నేను నొక్కితే వీధంతా అరిచింది."

"అలాగా? ఎలా నొక్కారో నా భుజం మీద చూపించండి."

చూపించింది. గోరు మీద చూపు నిలిపి, ఎప్పటిలాగే శ్రద్ధగా నొక్కింది.

"అమ్మోవ్!" డాక్టరమ్మ కుర్చీ చక్రాల మీద గోడదాకా జారిపోయింది. ఆమె మెడలోని స్టెతస్కోపు బల్ల మీది మందుల డబ్బాలను ఊడ్చేసింది. తలుపు తోసుకుని నర్సు వచ్చింది. బయట కూర్చున్నవాళ్ళలో ఇద్దరు లేచి చీటీలు మడిచి జేబులో పెట్టుకుని మెల్లగా ఇంటిదారి పట్టారు.

శివకుమారి కళ్ళు జాలితో నిండిపోయాయి. "అయ్యో తల్లీ. మీకు గూడ ఉండాది. ఇంకా గోరు తెల్లబడనే లేదు."

డాక్టరమ్మ భుజం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత కుర్చీని మెల్లగా ముందుకు జరుపుకుని వచ్చి, శివకుమారి చెయ్యి తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకుంది. ఏళ్ళ తరబడి రంగునీళ్ళలో నానిన వేళ్ళు అవి. బొటనవేలి గోరు ముదురు మెరూన్ మీద నీలం, నీలం మీద నలుపు పట్టి, బాగా కాలిన పెంకులాగా ఉంది.

"అమ్మా, ఈ గోరు ఎప్పుడు తెల్లబడుతుంది?"

శివకుమారి తన గోరును మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. వాళ్ళింట్లో గోళ్ళు అలాగే ఉంటాయి. వాటికి ఇంకో రంగు ఉంటుందన్న సంగతే ఆమె మరిచిపోయింది.

"ఖయామత్ నాడు, లోకమంతా అయిపోయేనాడు" అంది ఖాజాబీ.

ముందు నర్సు నవ్వింది. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు ఎవరి మీద పడ్డారో తెలియలేదు. సుంకమ్మ మాత్రం నవ్వలేదు. "అంటే నాకు లేదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. "మీకు మోకాళ్ళ అరుగుదల ఉందమ్మా, అది కూడా పెద్ద జబ్బే" అని డాక్టరమ్మ అన్నాక కొంచెం కుదుటపడింది.

నవ్వు తగ్గాక డాక్టరమ్మ జ్యోతిని అడిగింది. "కంప్యూటర్ క్లాసుకు పోయేవాళ్ళకు తొడలు ఎందుకు పట్టుకుంటాయమ్మా?"

జ్యోతి ఫ్యాను వైపు చూసింది. ఖాజాబీ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి వేరే చోట్లకు చూడటం శివకుమారి గమనించింది.

"చెప్పు మే."

"చెక్క భజన."

"ఏందీ?"

"క్లాసని చెప్పి ఆడికే పోతాండా. సుంకులమ్మ గుడి ముందర కాశన్న తాత నేర్పిస్తాండాడు మా. ఆడపిల్లోళ్ళ జట్టు. మంత్రాలయం ఉత్సవంలో ఆడాల మేము. కూర్చోని ఎగరాల, ఎగిరి తిరగాల, తిరుగుతాంటే చెక్కలు నెత్తి మీద కొట్టాల. రెండు వారాలైంది మొదలుపెట్టి. అందుకే నొప్పులు."

"నీకు తెలుసా?" అంది శివకుమారి ఖాజాబీతో.

"మా పిల్ల గూడ ఉండాది జట్టులో" అంది ఖాజాబీ, క్యాలెండరు వదలకుండా.

"నాకెందుకు చెప్పలేదు మే?"

"చెప్తే పోనిస్తావా మా? ఎగిరితే మోకాలి చిప్ప జారుతాది అంటావు. చెక్క ఎగిరొచ్చి కంట్లో పడుతాది అంటావు."

ఆ నిమిషాన శివకుమారి కళ్ళ ముందు ఉన్నది ఎగిరొస్తున్న చెక్కే.

ఆమెకు నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి వచ్చింది. తర్వాత భుజాలు ఊగాయి. జబ్బు కాదు. భజన. వారం రోజులుగా తిండి మానేసి, దేవుళ్ళందరికీ మొక్కుకుని, వీధి మొత్తాన్నీ నొక్కి, డాక్టరమ్మను గోడకు కొట్టి, చివరికి తేలింది భజన. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కన్నీళ్ళు కారేదాకా నవ్వింది. తిట్లకు సిద్ధమై నిలబడ్డ జ్యోతి భయపడి, "మా, బాగుండావా?" అంది.

ఆ నవ్వు ఒక్కసారిగా ఆగింది. శివకుమారి కళ్ళు తుడుచుకుని డాక్టరమ్మ వైపు తిరిగింది. అడగాల్సింది ఇంకా అడగలేదు.

"అయితే దీనికి రాదా?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "రాదని నేను చెప్పలేనమ్మా. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువే. వస్తుందని కూడా చెప్పలేను. ఉన్నవాళ్ళ పిల్లల్లో చాలామందికి రాదు. ముందే కనిపెట్టే పరీక్ష ఏదీ లేదు. ఈ నొక్కుడు పరీక్ష ఒక్కదాన్నే మేమూ నమ్మం. మీ విషయంలో నెలల తరబడి నొప్పి, నిద్ర పట్టకపోవడం, లేచేసరికే అలసట, అన్నీ చూసి చెప్పాను."

"వస్తే?"

"వస్తే పదేళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరగదు. ఆ జబ్బు తెలిసిన తల్లి ఇంట్లోనే ఉంది కదా. అందాకా బాగా నిద్రపోనివ్వండి, ఒళ్ళు కదలనివ్వండి. ఎగరనివ్వండి. మీరు కూడా మందులతో పాటు మెల్లమెల్లగా ఒళ్ళు కదిలించాలి. ఎవరినీ నొక్కకండి."

తిరుగు బస్సులో శివకుమారి కిటికీ పక్కన కూర్చుంది. రాదని ఎవరూ చెప్పలేదు. జీవితంలో మొదటిసారి ఒక భయం పూర్తిగా నిజమూ కాలేదు, పూర్తిగా అబద్ధమూ కాలేదు. దాన్ని ఎలా పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ముందు సీట్లో జ్యోతీ ఖాజాబీ ఇద్దరూ కమ్మీ మీద వేళ్ళతో తాళం వేసుకుంటున్నారు. సుంకమ్మ పక్కన కూర్చున్నామెకు మోకాళ్ళ అరుగుదల గురించి చెబుతోంది. వాళ్ళ తాళం వింటూ వింటూ కోడుమూరు ఎప్పుడు దాటిందో శివకుమారి చూడలేదు.

ఊళ్ళో దిగేసరికి ఎండ చల్లబడింది. జ్యోతి ఇంటికి కాకుండా సుంకులమ్మ గుడి వైపు తిరిగి, తల్లి ముఖం చూసింది.

"పోదాం పద" అంది శివకుమారి. "నేనూ చూస్తా."

గుడి ముందు దుమ్ములో ఆడపిల్లలు రెండు వరసలుగా నిలబడి ఉన్నారు. కాశన్న పండు ముసలాయన, గొంతు మాత్రం పండలేదు. ఆయన పాట ఎత్తుకోగానే చెక్కలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. జ్యోతి కూర్చుంది, ఎగిరింది, గాలిలోనే తిరిగింది. శివకుమారి "ఆ!" అని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కూతురు నేల మీద ఉంది, నవ్వుతోంది. మళ్ళీ ఎగిరింది. శివకుమారి ఈసారి ఒక కన్ను మూసుకుంది.

కాశన్న పాట ఆపాడు. "ఏమ్మా శివకుమారీ, ప్రతి ఎగురుకూ ఒక కేక ఏస్తాండావు, తాళం తప్పుతాండాది. ఆడ నిలబడి భయపడేదానికన్నా వరసలోకి వచ్చి భయపడగూడదా?"

"నాకు చాతగాదు తాతా. ఒళ్ళు నొప్పులు."

"ఎగరద్దు. వెనక వరసలో అడుగు మాత్రం ఎయ్యి."

ఖాజాబీ వెనక నుంచి ఒక తోపు తోసింది. శివకుమారి చెప్పులు విడిచి వెనక వరసలో నిలబడింది. ఎవరో చేతిలో చెక్కలు పెట్టారు. కుడికి పోవాల్సినప్పుడు ఎడమకు పోయింది. ఖాజాబీ కూతురిని గుద్దుకుంది. ఆ పిల్ల ఇంకో పిల్లను గుద్దుకుంది. వరస వరసంతా గోడ కూలినట్టు ఒకరి మీద ఒకరు పడి పకపకలాడారు. "పోయింది! మంత్రాలయం పోయింది!" అని కాశన్న నెత్తి కొట్టుకున్నాడు. గట్టు మీద కూర్చున్న సుంకమ్మ, "దానికన్నా నేను నయం, నాకియ్యండి చెక్కలు!" అని కేకేసింది.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నాలుగడుగులు కలిశాయి. నడుములో పాత నొప్పి తన చోట తాను ఉంది. భుజాల్లో కొత్తగా ఏదో పట్టుకుంటోంది. శివకుమారికి చెమటలు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు.

ముందు వరసలోంచి జ్యోతి తల తిప్పింది. "మా, నొస్తాండాదా?"

"నొస్తాండాదిలే. నువ్వు ఎగురు."